నిమిషాలు ఎవరి ఖాతాలో

మెట్టుగూడలో మా మేడ మీద నిలబడితే మౌలాలి వైపు వెళ్ళే బళ్ళ హారను స్పష్టంగా వినిపిస్తుంది. దక్షిణ మధ్య రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, అందులో చివరి పదిహేనేళ్ళు సికింద్రాబాదు డివిజను కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరుగా గడిపిన మా నాన్నగారు, ఆ హారను వినగానే ఇప్పటికీ గోడగడియారం వంక చూస్తారు. ఇంగ్లండులో పధ్నాలుగేళ్ళు ఉండి తిరిగి వచ్చిన నేనూ అదే పని చేస్తున్నానని మా అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఆయనది బళ్ళను నడిపించే ఉద్యోగం. నాది, వేళకు నడవని బండి ఎవరి మూలంగా నడవలేదో తేల్చి రాసే ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని ఇక్కడ చెబితే నమ్మినవాళ్ళు తక్కువ. ఆ దేశపు రైల్వే ఎలా ముక్కలైందో, ఆ ముక్కలు ఒకదానితో ఒకటి లెక్కలు ఎలా చూసుకుంటాయో తెలిస్తే తప్ప అది ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

నేను చేరిన కొత్తలో నాన్నగారు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకీ ఆ రైలు ఎవరిదమ్మా?" అని. మన దగ్గర ఎవరూ ఆ ప్రశ్న అడగరు. పట్టాలు, పెట్టెలు, ఇంజను, స్టేషను, టికెట్టు, గార్డు చేతిలోని పచ్చజెండా, అన్నీ రైల్వేవే. అక్కడ మాత్రం యార్క్ స్టేషనులో ఎదురుగా నిలబడి ఉన్న ఒక్క బండిని చూపించి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నాలుగైదు పేర్లు చెప్పాలి. పట్టాలు, సిగ్నళ్ళు, వంతెనలు నెట్‌వర్క్ రైల్ అనే సంస్థవి. పెట్టెలు ఒక లీజింగ్ కంపెనీవి; బండిని నడిపే కంపెనీ వాటిని అద్దెకు తెచ్చుకుంటుంది. డ్రైవరూ కండక్టరూ ఆ నడిపే కంపెనీ ఉద్యోగులు. పెట్టెల మరమ్మతు చాలా చోట్ల వాటిని తయారుచేసిన కంపెనీ చేతుల్లోనే ఉంటుంది. స్టేషనును చూసుకునేది అక్కడ ఆగే కంపెనీలలో ఏదో ఒకటి. దేశంలోని రెండున్నర వేల పైచిలుకు స్టేషన్లలో లీడ్స్, లండను యూస్టన్ వంటి ఇరవై దాకా పెద్దవాటిని మాత్రం నెట్‌వర్క్ రైలే నేరుగా నడుపుతుంది. వీటన్నిటి పైన భద్రతను, పట్టాలను వాడుకున్నందుకు కంపెనీలు కట్టే రుసుమును పర్యవేక్షించే నియంత్రణ సంస్థ వేరే ఉంది. నాన్నగారు అంతా ఓపికగా విని, "మరి బండి లేటైతే ఎవర్ని అడగాలి?" అన్నారు. "అది తేల్చడమే నా పని నాన్నా" అన్నాను.

ఆ దేశంలో రైలు మార్గాలు వేసినవి ప్రైవేటు కంపెనీలే. 1923లో వాటిలో చాలావాటిని నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపారు; 1948 జనవరి 1న ఆ నాలుగూ జాతీయం అయ్యాయి. బ్రిటిష్ రైల్ అన్న ఒకే సంస్థగా నలభై అయిదేళ్ళకు పైగా నడిచిన ఆ వ్యవస్థను 1993 చట్టం మళ్ళీ విడగొట్టింది. ఈసారి విడగొట్టిన తీరు పాతకాలం నాటిది కాదు. వెనుకటి కంపెనీలకు తమ పట్టాలు, తమ బళ్ళు రెండూ ఉండేవి. కొత్త చట్టం చక్రాన్నీ పట్టానూ వేరు చేసింది. పట్టాలు 1994 ఏప్రిల్‌లో రైల్‌ట్రాక్ అనే సంస్థకు వెళ్ళాయి, రెండేళ్ళకు దాని వాటాలు మార్కెట్లోకి వచ్చాయి. బళ్ళ రాకపోకలను ఇరవై అయిదు ఫ్రాంచైజులుగా పంచి, ఎవరు తక్కువ సబ్సిడీ అడిగితే, లేదా ప్రభుత్వానికి ఎవరు ఎక్కువ కడతామంటే, వాళ్ళకు కొన్నేళ్ళపాటు అప్పగించారు. పెట్టెలను మూడు లీజింగ్ కంపెనీలకు అమ్మేశారు. పోటీ వస్తే ఖర్చు తగ్గుతుందని, ప్రయాణికుడికి మేలు జరుగుతుందని చెప్పారు.

లండనులో కూర్చున్న వాటాదారుల రైలు అనేది సికింద్రాబాదులో పుట్టి పెరిగిన వాళ్ళకు కొత్త విషయమేమీ కాదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన రైలు మార్గాన్ని, ఆ తర్వాత దాని పొడిగింపులను చాలా ఏళ్ళపాటు నడిపింది లండనులో ఏర్పడిన కంపెనీయే. పెట్టుబడి మీద ఇంత రాబడి వస్తుందని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది కనుకనే దానికి నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరు వచ్చింది. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. చిన్నప్పుడు లాలాగూడ వర్క్‌షాపు గోడ పక్క నుంచి రోజూ బడికి నడిచి వెళ్ళినా, ఈ సంగతి నేను ఇంగ్లండు వెళ్ళాకే చదువుకున్నాను. ప్రభుత్వం హామీ, లాభం ప్రైవేటు అన్న పద్ధతిని మన ఊరు ఎప్పుడో చూసి వదిలించుకుందని తెలిసినప్పుడు, అక్కడ కంపెనీల పక్షాన వినిపించే వాదాలను నేను ఇంకాస్త జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాను.

పట్టాలను విడిగా ఒక కంపెనీ చేతిలో పెట్టడం వల్ల ఏం జరిగిందో చెప్పాలంటే హాట్‌ఫీల్డ్ పేరు చెప్పక తప్పదు. 2000 అక్టోబరు 17న లండను నుంచి లీడ్స్ వెళ్తున్న రైలు అక్కడి వంపులో పట్టా తప్పి నలుగురు చనిపోయారు. రైలు చక్రం పదే పదే ఒరుసుకునే అంచున పట్టాలో సన్నని పగుళ్ళు పుట్టి, అవి లోపలికి పాకి, చివరికి ఆ పట్టా ముక్కలుముక్కలుగా విరిగిపోయింది. రైల్‌ట్రాక్ పట్టాల నిర్వహణను కాంట్రాక్టర్లకు ఇచ్చేసింది. ఏ చోట పట్టా ఏ స్థితిలో ఉందో తెలిసిన పూర్తి లెక్క ఆ కంపెనీ దగ్గర లేదు. దాంతో ఎక్కడ ఏ పగులు ఉందోనన్న భయంతో దేశమంతటా వందలాది చోట్ల వేగ పరిమితులు పెట్టారు, నెలల తరబడి రైళ్ళు నత్తనడక నడిచాయి. ఏడాది తిరిగేసరికి రైల్‌ట్రాక్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. 2002 అక్టోబరులో దాని స్థానంలో లాభాపేక్ష లేని నెట్‌వర్క్ రైల్ వచ్చింది, ఆ తర్వాతి ఒకటి రెండేళ్ళలోనే పట్టాల నిర్వహణను కాంట్రాక్టర్ల నుంచి వెనక్కి తీసుకుంది. 2014లో ప్రభుత్వ లెక్కల్లో కూడా అది ప్రభుత్వ రంగ సంస్థే అయింది. ఇదంతా చెప్పినప్పుడు నాన్నగారు ఒక్క మాట అన్నారు: "మా దగ్గర పట్టాల బిగింపులు చూసే కీమన్ రోజూ సుత్తి పట్టుకొని తన నాలుగు మైళ్ళూ నడిచేవాడమ్మా. ఏ బిగింపు ఎక్కడ వదులుగా ఉందో వాడికి కాళ్ళకే తెలిసేది." ఆ కాళ్ళకు తెలిసిన విద్యను కాంట్రాక్టు కాగితం మీదకు ఎక్కించలేరని నేనూ నమ్ముతాను.

ఇక నా పని. ఉత్తర ఇంగ్లండులో ఒక పెద్ద కంట్రోల్ రూములో, ఒక రైలు కంపెనీ తరఫున నేను కూర్చునేదాన్ని. అదే హాల్లో నాలుగు బల్లల అవతల నెట్‌వర్క్ రైల్ మనిషి కూర్చునేవాడు. ప్రతి బండికీ ఒక అంకె, ఒక అక్షరం, రెండు అంకెలతో నాలుగు గుర్తుల సంఖ్య ఉంటుంది; మొదటి అంకె అది ఎక్స్‌ప్రెస్సో, ఆగి ఆగి వెళ్ళే పాసింజరో, గూడ్సో చెబుతుంది. బండి ఒక్కొక్క గుర్తింపు స్థానం దాటగానే ఆ వేళ తనంత తానే ట్రస్ట్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి చేరుతుంది. రెండు స్థానాల మధ్య మూడు నిమిషాలు, అంతకు మించి పోతే తెర మీద ఒక వరుస వెలుగుతుంది, కారణం చెప్పమని అడుగుతుంది. ఆ నిమిషాలను ఏదో ఒక సంఘటనకు ముడిపెట్టాలి, ఆ సంఘటనకు ఒక సంకేతం ఇవ్వాలి, ఆ సంకేతం వెనుక ఒక యజమాని ఉండాలి. సిగ్నలో, బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్ళించే పాయింటో పాడైతే అది నెట్‌వర్క్ రైల్ ఖాతా. తలుపు మూసుకోకపోతే, మోటారు చెడితే, డ్రైవరు సమయానికి రాకపోతే బండి నడిపే కంపెనీ ఖాతా. ఆ బండి వెనుక నిలిచిపోయిన మరో పది బళ్ళ నిమిషాలు కూడా మొదటి కారణం కిందికే చేరాలి. ఉదయం ఏడింటికి ఒకచోట పాయింటు మారకపోతే, మధ్యాహ్నం రెండింటికి వంద మైళ్ళ దూరంలో ఒక డ్రైవరు తన రెండో బండికి అందకపోవడం కూడా ఆ పాయింటు లెక్కలోకే వెళ్తుంది. ఆ గొలుసును వెనక్కి పట్టుకుంటూ వెళ్ళి మొదటి కొక్కెం దొరకబుచ్చుకోవడం ఈ పనిలో నాకు నిజంగా నచ్చిన భాగం.

ఆ గొలుసు చివర డబ్బు ఉండేది. పట్టాల వాడకానికి కంపెనీ రాసుకున్న ఒప్పందంలోని ఎనిమిదో షెడ్యూలు ప్రకారం, నెట్‌వర్క్ రైల్ వల్ల ముందే ఒప్పుకున్న మోతాదు కన్నా ఎక్కువ ఆలస్యం జరిగితే అది కంపెనీకి చెల్లించాలి. ఒక కంపెనీ బండి దారిలో ఆగిపోయి మరో కంపెనీ బళ్ళను అడ్డుకుంటే, ఆ రెండు కంపెనీలూ నేరుగా లెక్క చూసుకోవు. తప్పు చేసింది నెట్‌వర్క్ రైల్‌కు ఇస్తుంది, నెట్‌వర్క్ రైల్ నష్టపోయిన దానికి ఇస్తుంది. అందుకే ప్రతి నిమిషం గురించీ వాదన. నెట్‌వర్క్ రైల్ మనిషి రాసిన కారణాన్ని నేను ఒప్పుకోవాలి, లేదా ఆధారం చూపించి కాదనాలి. తేలకపోతే పై అంచెలకు, చివరికి అన్ని పక్షాలూ కలిసి పెట్టుకున్న బోర్డు దాకా వెళ్తుంది. ఈ తేల్చే పని మీదే దేశం మొత్తంలో దాదాపు 400 మంది ఉన్నారని 2021 మే నెలలో ప్రభుత్వం విడుదల చేసిన రైల్వే సంస్కరణల ప్రణాళిక రాసింది. ఆ నాలుగు వందల మందిలో నేను ఒకదాన్ని.

అదే ప్రణాళికలో ఒక పక్షి గురించి ఉంది. ఫెజంట్ అంటే మన అడవికోడి చుట్టం లాంటి పక్షి, పొలాల గట్ల మీద తిరుగుతూ రైళ్ళకు అడ్డం పడుతుంది. చిన్న పక్షి తగిలి బండి ఆగితే అది రైలు కంపెనీ ఖాతా, పెద్ద పక్షి తగిలితే నెట్‌వర్క్ రైల్ ఖాతా అన్నది నిబంధన. ఫెజంట్ చిన్నదా పెద్దదా అన్నది చాలాకాలం నలిగిన వాదం. ఇది చదివి ఇక్కడి స్నేహితులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నిబంధన రాసినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. చక్రం ఒకరిదీ పట్టా ఒకరిదీ అయినప్పుడు, ఆ రెంటి మధ్యకు వచ్చిపడే ప్రతి ప్రాణికీ, ప్రతి ఆకుకూ ముందే ఒక యజమానిని రాసిపెట్టుకోక తప్పదు. శరదృతువులో రాలిన ఆకులు పట్టాల మీద నలిగి జారుడు పొరలా అంటుకుంటాయి. ఆ పొరను నీటి ధారతో కడిగే ప్రత్యేక రైలు నెట్‌వర్క్ రైల్‌ది, చక్రం కింద ఇసుక చల్లే పరికరం మాత్రం బండిది. బ్రేకు పట్టక బండి ప్లాట్‌ఫాం దాటి జారితే ఎవరి పని సరిగా జరగలేదో ఆ చీకటి ఉదయం పూట తేల్చవలసిన మనిషి చేతిలో ఇద్దరి రికార్డులూ ఉండాలి, ఇద్దరూ నిజం చెప్పాలి.

ఒక సంఘటన మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు. ఒక డిసెంబరు రాత్రి షిఫ్టు ముగించుకొని ఒక చిన్న జంక్షనులో దిగాను. నా బండి ఆరు నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఎదురు ప్లాట్‌ఫాం మీద ఆ రాత్రికి ఆఖరి బండి, వేరే కంపెనీది, తలుపులు తెరుచుకొని ఉంది. నాతోపాటు దిగిన ఒక ముసలమ్మ చేతికర్రతో వంతెన మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె బ్యాగు నేను అందుకున్నాను. వంతెన మీది కిటికీలోంచి చూస్తే కింద కండక్టరు మా వైపు చూసి, తన గడియారం చూసుకొని, తలుపులు మూశాడు. అతను కఠినుడని నేను అనుకోను. ఆ బండిని ఆపి ఉంచితే ఆ నిమిషాలు ఆపిన కంపెనీ ఖాతాలోకే వెళ్తాయి; ఆలస్యంగా తెచ్చిన నా బండి కంపెనీకి కాని, దాన్ని ఆలస్యం చేసిన సిగ్నలుకు కాని అంటవు. ఆ నియమం నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు. ఆమెకు టాక్సీ ఏర్పాటు కావడానికి గంట పట్టింది. మర్నాడు లెక్కలు చూశాను. నా బండి ఆరు నిమిషాలూ సరైన సంకేతం కింద, సరైన ఖాతాలో ఉన్నాయి. రెండో బండి సమయానికి బయలుదేరిందని ఉంది. ఆమె పోగొట్టుకున్న గంట ఏ వరుసలోనూ లేదు. చాలా కంపెనీలలో పావుగంట దాటితే ఒకవైపు టికెట్టు ధరలో నాలుగో వంతు, అరగంట దాటితే సగం, గంట దాటితే మొత్తం తిరిగి ఇస్తారు కాని, చాలావరకు అది ప్రయాణికుడు తానుగా దరఖాస్తు పెట్టుకుంటేనే.

ఇది చెప్పినప్పుడు నాన్నగారు కాజీపేట గురించి చెప్పారు. కలిసే బండి ఆలస్యమైతే అందులో కనెక్షను ప్రయాణికులు ఎంతమంది ఉన్నారో కనుక్కొని, రెండో బండిని పది నిమిషాలు పట్టి ఉంచమని కంట్రోలు నుంచి ఆర్డరు ఇచ్చిన రోజులు చాలా ఉన్నాయట. అడ్డంగా వేళలు, నిలువుగా స్టేషన్లు గీసిన పెద్ద చార్టు మీద రంగు పెన్సిళ్ళతో బళ్ళ గీతలు గీస్తూ, ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామ స్టేషను మాస్టర్లతో ఫోనులో మాట్లాడుతూ ఆయన ఎనిమిది గంటలు కుర్చీలోంచి లేచేవారు కారు. అలాగని ఖాతాలు మన దగ్గర లేవనుకోవద్దన్నారు. మర్నాడు పొద్దున జరిగే సమావేశంలో ఈ డిటెన్షను, అంటే బండి ఆగిపోయిన వేళ, ఇంజనీరింగుదా, సిగ్నలు శాఖదా, లోకో వాళ్ళదా, చైను లాగినవాళ్ళదా అని శాఖల మధ్య వాదన జరిగేదే. "కాని ఎవరి జేబులోంచీ డబ్బు పోయేది కాదు. అందరి జీతమూ ఒక్క ఖజానాలోంచే కదా" అన్నారు. కొంతసేపాగి, "అందుకని ఒక్కోసారి ఏదో ఒక ఖాతాలో రాసి ఊరుకునేవాళ్ళం కూడా" అని ఆయనే అన్నారు. ఆ రెండో మాట ఆయన దాచుకోకుండా చెప్పినందుకే మొదటి మాట మీద నాకు గౌరవం పెరిగింది.

అక్కడ ఇప్పుడు గాలి మళ్ళింది. 2018 మే నెలలో కొత్త టైంటేబులు ఒకేసారి అమలు చేయబోయి రెండు ప్రాంతాలలో వారాల తరబడి రాకపోకలు అస్తవ్యస్తమయ్యాయి. పట్టాల పని ఆలస్యమైతే దాని ప్రభావం డ్రైవర్ల శిక్షణ మీద ఎంత పడుతుందో మొత్తంగా చూసే మనిషి ఆ వ్యవస్థలో ఎక్కడా లేడు. 2020లో కోవిడ్ వచ్చి బళ్ళు ఖాళీ అయ్యాక ఫ్రాంచైజుల పద్ధతి ముగిసింది. ఆదాయం, ఖర్చు రెండింటి భారమూ ప్రభుత్వం మీద పడ్డాయి. అప్పటికే ఒక్కొక్క కంపెనీ ప్రభుత్వం చేతికి వస్తూ ఉంది. 2024 నవంబరులో వచ్చిన చట్టం, ఒప్పందాలు ముగిసిన కొద్దీ మిగిలిన వాటినీ ప్రభుత్వమే తీసుకోవాలని నిర్ణయించింది. ఆ చట్టం కింద మొదటిది 2025 మే 25న మారింది. పట్టాలను, బళ్ళను కలిపి గ్రేట్ బ్రిటిష్ రైల్వేస్ అన్న ఒకే సంస్థ కిందికి తేవాలని, దాని కేంద్ర కార్యాలయం డెర్బీలో ఉండాలని సంకల్పం. ఇన్నేళ్ళూ ఆ కంపెనీలలో చాలావాటి వెనుక ఉన్నది జర్మనీ, ఫ్రాన్సు, నెదర్లాండ్సు, ఇటలీ ప్రభుత్వ రైల్వేలే అన్నది అక్కడి వాళ్ళకు ఎక్కువగా గుచ్చుకున్న విషయం. దక్షిణ లండను రైళ్ళలో భాగస్వామిగా ఉన్న ఫ్రెంచి సంస్థ కియోలిస్, మన హైదరాబాదు మెట్రో రైళ్ళను నడపడానికి కూడా వచ్చింది. నేను తిరిగొచ్చి అమీర్‌పేటలో మెట్రో ఎక్కినప్పుడు ఆ పేరు ఉద్యోగి చొక్కా మీద చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఒకే సంస్థ వస్తే నాలుగు వందల మందిమి అక్కరలేదని చాలామంది రాశారు. మా ఉద్యోగాలు పోవడం గురించి నాకు బాధ లేదు. నేను ఎలాగూ వచ్చేశాను. నా దిగులు వేరు. మూడు నిమిషాల ప్రతి ఆలస్యానికీ కారణం, ఆ కారణానికి మూలం, ఆ మూలానికి బాధ్యత ఉన్న మనిషి ఎవరో ముప్ఫై ఏళ్ళపాటు రోజూ రాసిపెట్టిన దేశం అది. బిల్లులు పోవాలి, ఆ పుస్తకం ఉండాలి. బిల్లు వల్ల ఆ ముసలమ్మ బండి ఆగలేదు. పుస్తకం వల్ల మాత్రం ఏ పాయింటు నెలకు ఎన్నిసార్లు మొరాయిస్తోందో, ఏ డిపో నుంచి వచ్చే పెట్టెల తలుపులు ఎక్కువ చెడుతున్నాయో మేము వేలు పెట్టి చూపించగలిగాం. కిందటి నెల అక్కడి పాత సహోద్యోగికి ఇదే రాశాను. అతను, "డబ్బు లేకపోతే రాయడం మానేస్తారు" అని జవాబిచ్చాడు. అతని మాట నిజం కాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

పోయిన ఆదివారం నాన్నగారూ నేనూ చెల్లెలి ఇంటి నుంచి ఒక లోకల్ బండిలో వస్తున్నాం. స్టేషను కనబడుతూ ఉండగా స్టేషనులోకి రానిచ్చే హోం సిగ్నలు ముందు బండి ఆగింది. నేను ఫోను తీసి వేళ రాసుకున్నాను. ఏడో నిమిషంలో సిగ్నలు ఇచ్చారు. బండి కదులుతుంటే నాన్నగారు కళ్ళద్దాలు సర్దుకొని నా ఫోనులోకి తొంగి చూశారు.

"ఎవరి ఖాతాలో రాశావు?"

"ప్లాట్‌ఫాం ఖాళీ లేదు కదా నాన్నా, ఆపరేటింగు శాఖ అని రాశాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. మేము లోపలికి వెళ్తుండగా పక్క ప్లాట్‌ఫాం మీద నుంచి ఒక ఎక్స్‌ప్రెస్సు ఖాళీ పెట్టెలు యార్డుకు కదులుతున్నాయి. ఆ బండి నంబరు చదివి, అది పొద్దున్నే రావలసిందని చెప్పి, "ఇది దారిలో ఎక్కడ దెబ్బతిన్నదో కనుక్కో. ఆ ఏడు నిమిషాలూ దాని కింద రాయి" అన్నారు.